కాఫీ తెగులు మర్మం తెలిపిన మార్షల్ వార్డు

ఈ ఏటి సంచికకు ఒక శాస్త్రజ్ఞుని జీవితాన్ని వ్రాయవలసినదిగా సంపాదక వర్గం వారు మమ్ము కోరినప్పుడు న్యూటను, ఎడిసను, సి.వి. రామను వంటి పేర్లు సహజంగానే మనస్సుకు తట్టినవి. ఆ మహనీయులను గురించి ఏటేటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. మేము ఎన్నుకొన్న పేరు హారీ మార్షల్ వార్డు. వృక్షశాస్త్ర లోకంలో ఈ పేరు సుప్రసిద్ధం. ఇతర శాఖల విద్యార్థులకు అంతగా పరిచయం ఉండకపోవచ్చును. మేము ఆయనను తలచుకొనడానికి కారణం అరకు లోయ. విద్యార్థులతో కలిసి అక్కడి కాఫీ తోటలను చూడ వెళ్లినప్పుడు ఒక వృద్ధ గిరిజన రైతు ఒక ఆకును త్రిప్పి అడుగుభాగాన్ని మాకు చూపినారు. దానిపై నారింజ రంగు పొడి మచ్చలు మచ్చలుగా ఉన్నది. వేలితో తాకితే వేలికి అంటుకొన్నది. ఇది ఎక్కడినుండి వస్తుంది, ఎట్లా ప్రాకుతుంది అని మా విద్యార్థి ఒకరు అడిగినారు. ఆ ప్రశ్నకు మొదటిసారి సరియైన సమాధానం చెప్పినవారే వార్డు.

వార్డు 1854లో ఇంగ్లాండు దేశంలోని హెరెఫర్డు పట్టణంలో జన్మించినారు. తండ్రి సంగీత విద్వాంసులు. సంపన్న కుటుంబం కాదు. లండను నగరంలోని సౌత్ కెన్సింగ్టనులో ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ గారి వద్ద పాఠాలు వినే అవకాశం కలగడంతో వార్డు జీవితం మలుపు తిరిగినది. ఆ పిదప మాంచెస్టరులోని ఓవెన్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలోను చదివి, 1879లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైనారు. జర్మనీకి వెళ్లి వుర్జ్‌బర్గులో సాక్స్ మహాశయుని ప్రయోగశాలలో కొంతకాలం గడిపినారు. ఆ కాలంలో జర్మనీ దేశం వృక్షశాస్త్రానికి పెట్టనికోట. శిలీంధ్రాలు మొక్కలలో తెగులు పుట్టిన తరువాత చేరేవి కావనీ, అవే తెగులుకు మూలమనీ డి బారీ అనే పండితుడు అక్కడ నిరూపించి అప్పటికి ఎంతో కాలం కాలేదు. గోధుమ తుప్పు తెగులు తన జీవితంలో సగభాగం గోధుమ మీద, సగభాగం బార్బెరీ పొద మీద గడుపుతుందని 1865లో తెలిపినవారు ఆయనే. ఈ కొత్త విద్యను ఒంటబట్టించుకొన్న ఇరువది ఆరేండ్ల యువకుణ్ణి 1880లో ప్రభుత్వం సింహళానికి పంపినది. నేటి శ్రీలంకను అప్పుడు సింహళమనేవారు.

ఎందుకు పంపినదో తెలియవలెనంటే కాఫీ కథ కొంత చెప్పక తప్పదు.

కాఫీ చెట్టుకు పుట్టినిల్లు ఇథియోపియా. పెరిగిన ఇల్లు యెమెన్. హజ్రత్ బాబా బుడన్ గారు యెమెన్ నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటినారన్న ఐతిహ్యం మన పాఠకులకు తెలిసినదే. ఆ కొండలు నేటికీ వారి పేరనే ఉన్నవి. ఐతిహ్యంలో సత్యమెంత అనే చర్చ ఇక్కడ అనవసరం. మనము గమనించవలసినది ఆ ఏడు అనే అంకెను. యెమెన్ దాటి ప్రపంచంలో వ్యాపించిన అరబికా కాఫీ అంతా ఈ విధంగానే పిడికెడు గింజల సంతానం. డచ్చివారు జావాకు తీసుకుపోయినది కొద్ది మొక్కలు. అక్కడినుండి ఆమ్‌స్టర్‌డాముకు చేరినది ఇంకా కొద్ది. పైగా అరబికా తన పుప్పొడితో తానే ఫలించే చెట్టు. అందువలన లక్షల ఎకరాలలో పెరిగినా అది లక్ష విధాల చెట్టు కాదు, దాదాపుగా ఒకే చెట్టు. ఒకదానిని పడగొట్టగల తెగులు అన్నింటినీ పడగొట్టగలదు.

సింహళంలో తోటల దొరలు కొండల మీది అడవులను నరికి, నీడ చెట్టు కూడా మిగల్చక, శిఖరం నుండి లోయ వరకు కాఫీ నాటినారు. 1870 ప్రాంతంలో ఆ దీవి సాలీనా సుమారు 10 కోట్ల పౌనుల కాఫీ ఎగుమతి చేసేది. ఇందులో అంతా దొరల పంట కాదు. సింహళ గ్రామీణులు తమ ఇంటి పెరళ్లలో పనస, అరటి, మిరియపు తీగల మధ్య పెంచుకొన్న కాఫీ కూడా అందులో చెప్పుకోదగిన భాగమే. చరిత్ర గ్రంథాలు దొరల నష్టాన్ని వ్రాసినంత వివరంగా ఈ పెరటి రైతుల నష్టాన్ని వ్రాయలేదు. ఇది మాకు మొదటినుండి ఉన్న అసంతృప్తి.

1869లో ఒక తోటలో ఆకులపై నారింజ మచ్చలు కనిపించినవి. పేరాదెనియ ఉద్యానవన అధికారి థ్వైట్స్ గారు నమూనాలను ఇంగ్లాండుకు పంపగా, బర్క్‌లీ, బ్రూమ్ అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞులు పరీక్షించి దానికి హెమిలియా వాస్టాట్రిక్స్ అని నామకరణం చేసినారు. దాని సిద్ధబీజం ఒక ప్రక్క నునుపుగా, ఒక ప్రక్క ముండ్లతో ఉంటుంది గనుక మొదటి పదం. రెండవ పదానికి వినాశకారి అని అర్థం. పేరు పెట్టిన వేళ ఎటువంటిదో గాని, ఆ అర్థం అక్షరాలా ఫలించినది. అయితే మొదటి పదేండ్లు దొరలకు నష్టం తెలిసిరాలేదు. పంట తగ్గుతున్న కొలదీ ధర పెరిగినది. ఆ ధరను చూసి మరిన్ని కొండలు నరికి మరింత కాఫీ నాటినారు. నేల సారం తగ్గినదని కొందరు, వానలు సరిగా లేవని కొందరు, ఎరువు చాలలేదని కొందరు సమాధానపడినారు.

వార్డు పేరాదెనియను కేంద్రంగా చేసుకొని రెండేండ్లు పని చేసినారు. ఆయన పద్ధతి నిరాడంబరం. ఆరోగ్యవంతమైన మొక్కలను తెచ్చి, వాటి ఆకులపై నీటిచుక్కలలో సిద్ధబీజాలను ఉంచి, సూక్ష్మదర్శిని క్రింద గంట గంటకు ఏమి జరుగుతున్నదో చూసినారు. బీజానికి తడి కావలెను. తడి ఉంటే ఒక రోజు లోపుననే సన్నని మొలక నాళం బయలుదేరుతుంది. ఆ నాళం ఆకు చర్మాన్ని చీల్చలేదు. ప్రాకుతూ పోయి, ఆకు అడుగుభాగాన ఉన్న పత్రరంధ్రాన్ని వెదకి అందులో దూరుతుంది. లోపల కణాల నడుమ వ్రేళ్లవంటి తంతువులు చాచి కణరసాన్ని పీలుస్తుంది. రెండు మూడు వారాలకు లేత పసుపు మచ్చ, ఆ వెనుక అదే పత్రరంధ్రం గుండా నారింజ పొడి. ఒక్కొక్క మచ్చనుండి వెలువడే బీజాలు లక్షలాది. గాజు పలకలను తోటలలో అక్కడక్కడ ఉంచి, గాలిలో కొట్టుకువచ్చే బీజాలను వాటిపై పట్టినారు. తెగులు నేలలోనుండి పుట్టదని, చెట్టు రక్తదోషం వంటిది కాదని, ఆకునుండి ఆకుకు గాలి మీద ప్రయాణం చేస్తుందని ఆ పలకలు సాక్ష్యం పలికినవి.

చెట్టు ఎందుకు క్షీణిస్తుందో కూడా ఆయన తేటతెల్లం చేసినారు. శిలీంధ్రం చెట్టును విషంతో చంపదు. ఆకులు రాలిపోతవి. ఆకు చెట్టుకు వంటశాల. అది పోతే కాయకు, కొమ్మకు, వేరుకు ఆహారం లేదు. చెట్టు మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ రాలుస్తుంది, క్రమంగా పస్తులతో కృశిస్తుంది.

ఇంత తెలిసిన తరువాత మందు ఏది అని దొరలు అడిగినారు. వారికి కావలసినది అదొక్కటే. వార్డు తన మూడు నివేదికలలోను వారికి నచ్చే సమాధానం ఇవ్వలేదు. బీజం ఒకసారి ఆకులోనికి దూరిన పిమ్మట దానిని చంపవలెనంటే ఆకును కూడా చంపవలసినదే; గంధకము, సున్నము వంటివి చల్లవలెనంటే బీజం మొలకెత్తక ముందే ఆకు మీద ఉండవలెను; వానాకాలపు కొండలలో అది ఎంతవరకు సాధ్యమో ఆలోచించుకొనవలెను. అంతకన్న చేదు మాట మరొకటి ఉన్నది. అడ్డూ ఆపూ లేకుండా ఒకే మొక్కను కొండలకు కొండలు పరచడమే ఈ తెగులుకు రాజమార్గం వేసినదని, గాలికి అడ్డంగా ఇతర వృక్షాల వరుసలు ఉండవలెనని ఆయన సూచించినారు. అప్పుల మీద తోటలు కొన్న వారికి ఈ హితవు ఎట్లా రుచించగలదు? 1882లో ఆయన ఇంగ్లాండుకు తిరిగి వచ్చినారు. మందు తేలేని శాస్త్రజ్ఞుడన్న నింద కొంత మిగిలినది. విధి వైచిత్ర్యం ఏమనగా, ఆ తరువాత మూడేండ్లకు, 1885లో, ఫ్రాన్సు దేశంలో మిల్లార్డె అనే ఆచార్యుడు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని ద్రాక్ష తోటలకు సిఫారసు చేసినారు. తెగులు రాకముందే ఆకుకు కవచం తొడగాలన్న వార్డు సూత్రానికి సరిపడే మందు అది. కాని సింహళంలో కాపాడుకొనడానికి కాఫీ మిగలలేదు. సింహళపు కాఫీ వ్యాపారంతో ముడిపడిన ఓరియంటల్ బ్యాంకు 1884లోనే మూతబడినది. 1890 నాటికి కాఫీ ఎగుమతి నామమాత్రమైనది.

దొరలలో నిలదొక్కుకొన్నవారు కాఫీ పెరికి తేయాకు నాటినారు. నేడు సిలోన్ టీ అని లోకం మెచ్చుకొనేది ఈ శ్మశానం మీద లేచిన తోటయే. దక్షిణ భారతం నుండి వెళ్లిన తమిళ కూలీలలో వేలాదిమంది పనిలేక తిరిగి వచ్చినారు. మిగిలినవారు తేయాకు కొమ్మల మధ్యకు చేరినారు. పెరటి కాఫీ అమ్ముకొని ఉప్పు, బట్ట కొనుక్కొన్న గ్రామీణునికి మాత్రం తేయాకు పనికిరాలేదు. దానికి కర్మాగారం కావలెను, పెట్టుబడి కావలెను.

వార్డు తరువాతి జీవితం బయటికి సాఫీగా సాగినది. 1883లో వివాహం, 1885లో కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్య పదవి. మన దేశపు అడవులకు అధికారులుగా రాబోయే యువకులకు అక్కడ ఆయన పదేండ్లు వృక్షశాస్త్రం బోధించినారు. 1888లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1893లో ఆ సొసైటీ వారి రాయల్ పతకం, 1895లో కేంబ్రిడ్జి వృక్షశాస్త్రాచార్య పీఠం లభించినవి. లిల్లీ తెగులు, కలప, థేమ్సు నదీ జలంలోని బాక్టీరియాలు, సూర్యరశ్మి వాటిని చంపే తీరు, చివరకు అల్లపు పానీయాన్ని పులియబెట్టే సూక్ష్మజీవులు కూడా ఆయన పరిశోధనకు విషయాలైనవి. హిమాలయ ప్రాంతాలలో మొక్కలను అన్వేషించి పేరుపొందిన ఫ్రాంక్ కింగ్డన్ వార్డు ఈయన కుమారుడే.

కాని సింహళపు ప్రశ్న ఆయనను విడువలేదని మా అభిప్రాయం. అవసానకాలంలో ఆయన మళ్లీ తుప్పు తెగులు దగ్గరకే వచ్చినారు. ఈసారి కాఫీ మీద కాదు, బ్రోమస్ అనే గడ్డి మీద. ఆ గడ్డిలో అనేక జాతులున్నవి. ఒక జాతి మీది తుప్పు బీజాన్ని మరొక జాతి మీద ఉంచితే ఒకచోట తెగులు పుట్టును, మరొకచోట పుట్టదు. ఎందువలన? ఆకుపై రోమాలు ఎక్కువగా ఉండుటచేతనా? పత్రరంధ్రాలు తక్కువగా ఉండుటచేతనా? చర్మం మందంగా ఉండుటచేతనా? వార్డు ఓపికతో ఒక్కొక్క జాతి ఆకును కొలిచి, లెక్కించి, బీజాలను అంటించి చూసినారు. రోమాల సంఖ్యకు గాని, రంధ్రాల సంఖ్యకు గాని తెగులుతో పొందిక కుదరలేదు. తట్టుకొనే జాతిలో కూడా బీజం మొలకెత్తుతుంది, రంధ్రంలో దూరుతుంది. కాని లోపలికి వెళ్లిన తరువాత నిలువలేకపోతుంది. కనుక నిరోధక శక్తి గోడలోను, తలుపులోను లేదు, ఇంటి లోపలి మనిషిలో ఉన్నది. జీవకణానికే స్వతస్సిద్ధమైన ఏదో గుణం బూజును ఓడిస్తున్నదని 1902లో ఆయన ప్రకటించినారు.

ఈ విషయం విద్యార్థులు శ్రద్ధగా గమనించవలెను. నిరోధక శక్తి ఆకు పైపై నిర్మాణంలో లేక కణపు అంతర్గుణమైతే, అది తల్లి మొక్కనుండి పిల్ల మొక్కకు సంక్రమించే అవకాశమున్నది. సంక్రమించేదైతే, సంకరం ద్వారా ఒక వంగడం నుండి మరొక వంగడానికి తేవచ్చును. ఈ మెట్టును వార్డు స్వయంగా ఎక్కలేదు. ఆయన ఉన్న కేంబ్రిడ్జిలోనే బిఫెన్ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు గోధుమలో పసుపు తుప్పును తట్టుకొనే గుణం మెండెల్ సూత్రాల ప్రకారం సంతానానికి సంక్రమిస్తుందని 1905లో నిరూపించినారు.

వార్డు చెప్పినదంతా నిలిచినదని కాదు. ఒక జాతి గడ్డి మీది తుప్పు మధ్యస్థమైన మరొక జాతిని వంతెనగా చేసుకొని, కొత్త జాతిపై బ్రతుకుట నేర్చుకొంటుందని ఆయన నమ్మినారు. తరువాతి పరిశోధకులు ఇది సరికాదని తేల్చినారు. బూజు పాఠశాలకు వెళ్లి నేర్చుకొనదు; దాని కోట్లాది బీజాలలో ఎక్కడో కలిగిన జన్యు మార్పు దానికి దారి చూపుతుంది. అయినా తెగులు కారకం మారగలదన్న ఆయన భయం మాత్రం అబద్ధం కాలేదు. ఆయన 1906 ఆగస్టులో టార్కీ పట్టణంలో కన్నుమూసినారు. అప్పటికి వయస్సు 52 సంవత్సరాలు.

ఆయన మరణించిన ఐదేండ్లకు, 1911లో, మైసూరు సీమలోని ఒక తోటలో తుప్పుకు లొంగని చెట్టు ఒకటి కెంట్ అనే తోట యజమాని కంటబడినది. దాని గింజలను వేరుగా దాచి పెంచినారు. కెంట్స్ అనే ఆ రకం కొద్ది కాలంలోనే దక్షిణాది తోటలంతటా వ్యాపించినది. సమస్య తీరినదనే అనుకొన్నారు. కొన్నేండ్లకు అదే కెంట్స్ ఆకు మీద నారింజ పొడి కనిపించినది. బాలెహొన్నూరులోని కాఫీ పరిశోధన కేంద్రంలో పనిచేసిన మేన్ గారు 1932లో దీని గుట్టు విప్పినారు. తుప్పు శిలీంధ్రం ఒకటే అయినా అందులో వేరువేరు తెగలున్నవి. ఒక తెగను కెంట్స్ తట్టుకొనగలదు, మరొక తెగకు లొంగిపోతుంది. నేటికి గుర్తించిన తెగల సంఖ్య 50 దాటినది.

ఆ పిమ్మట బాలెహొన్నూరు వారు అరబికా, లైబీరికా జాతుల సహజ సంకరం నుండి వచ్చిన ఎస్. 288 రకాన్ని కెంట్స్‌తో కలిపి ఎస్. 795 అనే వంగడాన్ని తయారుచేసి 1940లలో రైతులకు అందించినారు. దాని రుచి మంచిది, చెట్టు బలమైనది. నిరోధక శక్తి కాలక్రమాన సన్నగిల్లినా రైతులు దానిని నేటికీ విడువలేదు. తైమూరు దీవిలో అరబికా, రోబస్టా జాతులు తమంతట తాము కలిసి పుట్టిన ఒక చెట్టు 1920లలో బయటపడినది. రోబస్టా రక్తం వలన దానికి తుప్పును ఎదిరించే బహుగుణాలు అబ్బినవి. 1955లో పోర్చుగల్ దేశంలోని ఓయిరాస్‌లో కాఫీ తుప్పు పరిశోధన కేంద్రం ఏర్పడినది. కాఫీ పండని దేశంలో ఆ కేంద్రాన్ని నెలకొల్పుటలో ఒక సౌలభ్యం ఉన్నది: ఏ దేశపు తెగనైనా అక్కడ పరీక్షించవచ్చును, తప్పించుకొని పోయినా చుట్టుప్రక్కల తోటలు లేవు. ఆ కేంద్రంలో తైమూరు చెట్టును కతుర్రా అనే పొట్టి రకంతో కలిపి పుట్టించిన సంతానమే కతిమోర్. మన దేశంలో 1980లలో కావేరి అనే పేరుతో వచ్చినది ఈ వంశపు వంగడమే. కొన్నేండ్లకే దాని మీదనూ తుప్పు కనిపించినది. 2007లో చంద్రగిరి వచ్చినది.

దక్షిణ అమెరికాలో కథ మరింత పెద్దది. 1970లో తుప్పు బ్రెజిలులో కాలుమోపినది. కొలంబియా శాస్త్రజ్ఞులు అది తమ దేశానికి రాకముందే పని మొదలుపెట్టి, 1982లో ఒక వంగడాన్ని విడుదల చేసినారు. వారు ఒకే వంశాన్ని రైతుకు ఇవ్వలేదు. వేరువేరు నిరోధక గుణాలున్న పలు వంశాల గింజలను కలిపి ఇచ్చినారు. తోటలోని చెట్లన్నీ చూపునకు ఒక్కటే, లోపలి గుణంలో వేరువేరు. వార్డు సింహళంలో కొండకు కొండకు మధ్య కోరిన అడ్డుకట్టను వీరు చెట్టుకు చెట్టుకు మధ్య కట్టినారు. ఈ ఉపాయాన్ని మేము ఎంతో మెచ్చుకొంటాము. అయినను నిశ్చింతకు తావులేదు. 2012–13లో మధ్య అమెరికా తోటలను తుప్పు ముంచెత్తినప్పుడు హోండురాస్ రైతులకు ఆదుకొన్నది లెంపిరా అనే కతిమోర్ రకం. 2017 నాటికి అదే లెంపిరా తెగులుకు లొంగుతున్నదని అక్కడివారు ప్రకటించవలసి వచ్చినది. పెద్ద యజమాని మందు చల్లి కాలం గడపగలడు. ఎకరం, రెండెకరాల రైతుకు మందు ఖర్చు, పిచికారీ కూలి రెండూ బరువే. పాత చెట్టు తీసి కొత్తది నాటితే మూడు నాలుగేండ్లు పంట ఉండదు. వంగడం విఫలమైతే ఆ మూడు నాలుగేండ్లు మళ్లీ మొదటినుండి లెక్క.

అరకు రైతులూ అటువంటి వారే. 1960లలో అటవీ శాఖ వారి తోటలతో విస్తరించిన కాఫీ, ఆ తరువాత విశాఖ ఏజెన్సీ గిరిజనుల సొంత పంట అయినది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటిపై మిరియపు తీగలు ప్రాకుచుండగా, క్రింద కాఫీ. మాకు ఆకు చూపిన రైతు తోటలో ఎస్. 795 చెట్లు ఎక్కువ. తెగులు బాగా సోకిన వాటిని ఆ ఏడు తీసివేసి, చంద్రగిరి నారు నాటడానికి గోతులు త్రవ్వి ఉంచినారు. గట్టు వైపున ఉన్న నాలుగు పాత చెట్లను మాత్రం ముట్టుకొనలేదు. అవి ఎన్నడూ తుప్పు పట్టలేదని, వాటి గింజ వేరుగా తీసి దాచుకొంటున్నానని చెప్పినారు.